ఎల్లాజీ కోసం కట్టిన ఆటపెట్టె

నమోదు 1

పాత కంప్యూటర్ల కొట్టు తవుడు రాయమన్నాడు కాబట్టి రాస్తున్నాను. "ఏ సామాను ఎప్పుడు బిగించినామో రాసుకోయే అప్పా, రేపు పాడైతే ఎక్కడ పాడైందో తెలుస్తాది" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. సామాను గురించి మాత్రమే రాయాలట. అది నా వల్ల కాదు. నాకు నోరు ఆగదు, చెయ్యీ అంతే.

నా పేరు మైలపల్లి నూకరత్నం. కొండ మీద మూడో మెట్టు వీధిలో మైనం పని చేస్తాను. ఉప్పుగాలి వస్తోందని జెండా ఎగిరిందంటే ఇంటింటికీ వెళ్ళి తలుపు సందులు, కిటికీ అంచులు, బియ్యం డబ్బాల మూతలు మూసేస్తాను. గుగ్గిలం, మైనం, నూనె కలిపి కాచిన ముద్ద అది. మా తాతలు పడవ బద్దల సందులు దాంతోనే పూడ్చేవారు. పడవలు పోయాయి, ఊరు నీళ్ళలోకి పోయింది, మిగిలినవాళ్ళం కొండెక్కాం. పని మాత్రం అదే మిగిలింది. నేను మూసిన ఇంట్లోకి ఉప్పు దూరిందని ఇంతవరకు ఒక్కరూ అనలేదు. అంటే ఊరుకునేదాన్నీ కాదు.

ఇప్పుడు ఈ వయసులో నాకు ఆటలాడే కంప్యూటర్ కావలసి వచ్చింది. వీధి వీధంతా నవ్వింది. నవ్వుకోనీ.

నా తమ్ముడు ఎల్లాజీ అడుగు గనిలో ఉన్నాడు. సముద్రం అడుగున కంపెనీ తవ్వుతున్న గని. ఒప్పందం రాసి దిగినవాడు గడువు తీరేదాకా పైకి రాడు. ఉత్తరాలు లేవు, ఫోన్లు లేవు. ఇంటి మాట చెవిన పడితే మనుషులు పనిలో మెత్తబడిపోతారట. కిందికి పోనిచ్చేది ఒక్కటే, ఆటలు. పైన ఎవరైనా ఆట ఆడుతూ స్ట్రీమింగ్ పెడితే కింద భోజనాల హాల్లో తెర మీద వస్తుంది. ఆడేవాళ్ళ మొహం ఒక మూల చిన్నగా కనిపిస్తుంది. ఆ మూల కోసమే నాకీ తిప్పలన్నీ.

వచ్చే అమావాస్యకి వాడి గడువు తీరుతుంది. ఆ ఉదయం వాడి ముందు రెండు మీటలు పెడతారు. ఒకటి 'వస్తాను', ఒకటి 'ఉంటాను'. ఉంటాను అని నొక్కినవాణ్ణి రెండో అడుగుకి, అంటే ఇంకా లోతు గనికి దింపుతారు. అక్కడ తెరలు లేవు. మళ్ళీ అడగడం కూడా లేదు. ఏళ్ళ తరబడి ఇంటి మొహం చూడనివాడు ఏది నొక్కుతాడు? మా పక్కింటి అచ్చియ్యమ్మ మొగుడు 'ఉంటాను' నొక్కాడు. పైన నన్ను తలుచుకునేవాళ్ళు ఎవరున్నార్లే అన్నాడని, గని నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. తలుచుకుని తలుచుకుని ఈవిడ సగమైపోయింది.

నాకు మొగుడు లేడు, పిల్లలు లేరు. నీళ్ళు వచ్చిన ఏడాది మా ఇంట్లో మిగిలింది నేనూ వాడూ. నన్ను వాడు ఒక్కసారి చూడాలి. చూస్తే వస్తాడు. నాకు తెలుసు.

నమోదు 2

తవుడి కొట్టు కొండకి లోపలి వైపు ఉంది. అటు గాలి తగలదు, ఉప్పు రాదు. ఆ వైపు జనం తలుపులు బార్లా తీసుకుని బతుకుతారు, అదృష్టవంతులు. మునిగిన ఊళ్ళో మేడల పై అంతస్తుల నుంచి ఈతగాళ్ళు పాత కంప్యూటర్లు తెస్తే, తవుడు వాటిని విప్పి, ఆరబెట్టి, పనికొచ్చేవి ఏరి అరల్లో పెడతాడు. ఒకప్పుడు తనూ ఆటలాడి స్ట్రీమింగ్ పెట్టేవాడట. సామానుకి బదులుగా ఈతగాళ్ళ దుస్తుల కుట్లన్నిటికీ నేను మైనం పట్టించి ఇవ్వాలని మాట్లాడుకున్నాం.

"ఏ ఆట ఆడతావప్పా?"

"ఏదైతేనేటి? నా మొకం కనబడాల."

"ఓలమ్మ! మొకం కోసం ఇంత సామానేటి? అద్దం కొనుక్కుంటే పోలేదా?"

"అద్దంలో నా తమ్ముడికి కనబడతానేటిరా?"

నవ్వు ఆపేశాడు. లోపలికి వెళ్ళి రెండు చిన్న బిళ్ళలు తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. ప్రాసెసర్లట. ఒకటి నాలుగు కోర్లది, ఒకటి ఎనిమిది కోర్లది. నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి.

"ఇది తలకాయ. ఉత్తినే ఆటాడుకుంటే నాలుగు కోర్లది సాలు. నువ్వు ఆడాల, ఆడిందాన్ని అప్పటికప్పుడే కిందకి పంపాల. ఒక సేత్తో అట్టు తిప్పుతా ఇంకో సేత్తో వడ్డించాల. ఎనిమిది కోర్లది పట్టుకెల్లు."

సామానంతా బిగించే పలక, మదర్‌బోర్డు, మాత్రం నేనే ఎంచాను. నల్లగా, నిగనిగలాడుతూ ఉంటే ముచ్చటేసింది. తవుడు ప్రాసెసర్ తీసి దాని మీద పెట్టి చూపించాడు. కూర్చోలేదు. దీని కాళ్ళు వేరు, దాని కన్నాలు వేరు. రెండూ ఒక జాతివి అయి ఉండాలట. "పిల్లని సూసి ఇంటిపేరు అడక్కుండా తాంబూలం ఇచ్చీసినావు" అని వెక్కిరించాడు. చివరికి దొరికింది పసుపుపచ్చగా, చూడ్డానికి రోతగా ఉంది. సరే, దాన్నెవరు చూస్తారు.

నమోదు 3

ఈరోజు తవుడితో పోట్లాడాను.

తెర మీద బొమ్మలు గీసే గ్రాఫిక్స్ కార్డు దగ్గర వచ్చింది గొడవ. అరలో ఒకటి ఉంది, ఇటుకంత. దానికి మూడు ఫ్యాన్లు, అంచున రంగురంగుల దీపాలు. కరెంటు తగిలిస్తే ఎరుపు, నీలం, ఆకుపచ్చ మారుతూ వెలిగాయి. మా ఇంట్లో అంత అందమైన వస్తువు ఇంతవరకు అడుగు పెట్టలేదు. అదే కావాలన్నాను.

"నువ్వు ఆడేది పడవాట. పాత ఆట. దానికి ఇదెందుకప్పా? దోమని కొట్టడానికి రోకలా?"

"తమ్ముడు సూసేది బొమ్మ బాగుండాల."

"నీ తమ్ముడు సూసేది పడవనా, నిన్నా?"

ఆ కార్డు తీసి మళ్ళీ అరలో పెట్టేశాను. తగువులో ఓడిపోవడం నాకు అలవాటు లేదు.

వాడు చిన్న కార్డు ఒకటి ఇచ్చాడు, ఒకే ఫ్యాను ఉన్నది. మిగిలిన బేరం పవర్ సప్లై మీద పెట్టమన్నాడు. గోడ నుంచి వచ్చే కరెంటుని లోపలి సామానుకి పంచిపెట్టే ఇనుప డబ్బా అది. ఆ డబ్బాకి అందం లేదు, దీపాలు లేవు. కొండ మీద ఆటపెట్టె కట్టినవాళ్ళందరూ పెద్ద కార్డు మీద మోజుపడి, ఈ డబ్బా దగ్గర కక్కుర్తి పడతారట. పది రోజుల్లో మాడగొట్టుకుని ఏడుస్తూ తన దగ్గరకే వస్తారట. "కరెంటు తిన్నగా పొయ్యకపోతే మిగతాయన్నీ సచ్చిన సేపలే" అన్నాడు.

ఇంటికొచ్చాక కూడా ఆ రంగుల దీపాలే కళ్ళ ముందు తిరిగాయి. ఎల్లాజీ చూసి ఉంటే నా పక్షమే మాట్లాడేవాడు. వాడికీ తళుకంటే పిచ్చి.

నమోదు 4

మెమరీ రెండు ముక్కలు, జంటగా వేయాలట. డిస్కు ఒకటి. వీటి దగ్గర తగువు రాలేదు.

కెమెరా దగ్గర మాత్రం నేను వినలేదు. తవుడు మామూలుది చాలన్నాడు. నేను కొట్టులో ఉన్నవాటిలో మంచిది తీసుకున్నాను, పక్కన పెట్టుకునే దీపంతో సహా. నా మొహం మీద ఇప్పుడు ముడతలున్నాయి. ఉప్పుకి చర్మం కమిలిపోయి నల్లబడింది. వాడు దిగేటప్పుడు ఇలా లేను. మసక బొమ్మ పంపితే ఎవరో ముసలిది అనుకుని తల తిప్పేసుకుంటే? ఈ భయం తవుడికి చెప్పలేదు. చెబుతానా? దీపం బాగుందని తీసుకుంటున్నా అన్నాను.

మైకు కూడా బాగున్నదే. పెట్టి చూస్తే నా గొంతు వెనక హోరుమని మోత. పెట్టె లోపలి వేడి బయటికి తోసే పెద్ద ఫ్యాను అట.

"ఈ రొదలో నా మాట ఎవులికి ఇనబడతాదిరా?"

"సిన్న ఫ్యానుంది, సప్పుడు సేయదు. కానీ వేడి తక్కువ లాగుద్ది."

"అదే ఎయ్యి."

కాసేపు తల గోక్కున్నాడు. "ఆట సిన్నదే గదా, సాల్తాదిలే" అన్నాడు. సాల్తాదని వాడూ అన్నాడు, నేనూ అనుకున్నాను.

నమోదు 5

ఈరోజు తవుడు సామానంతా మా ఇంటికి తెచ్చి బిగించాడు. అచ్చియ్యమ్మ గుమ్మంలో కూర్చుని చూసింది.

ప్రాసెసర్ మీద బూడిదరంగు ముద్ద ఒకటి పూయాలి. దాని వేడి పైనున్న లోహపు రేకులకి అందాలంటే మధ్యలో ఆ ముద్ద ఉండాలట. అది నేను పూస్తానన్నాను. శనగ గింజంత పెట్టి, ఎక్కడా బుడగ లేకుండా పరిచాను. తవుడు ఒంగి చూసి, "ఇంత సదునుగా నాకు కూడా రాదప్పా" అన్నాడు. నిజం చెప్పాలంటే సంతోషంతో నాకు ఒళ్ళు తెలియలేదు.

అన్నీ బిగించి డబ్బా మూత వేశాక చూస్తే ముందు, వెనక, అడుగున జల్లెడలాగా కన్నాలు.

"ఇవెందుకురా ఇన్ని?"

"గాలికి."

మా వైపు గాలిని ఇంట్లోకి పిలిచేవాళ్ళు ఉండరు. "ఉప్పు తగిలితే లోపల పాడవదా?" అని అడిగాను.

"పాడవకేటి? ఉప్పు తగిలిందంటే రాగి అంతా పచ్చబడిపోద్ది. జాగర్త సుమీ."

జాగ్రత్త అనే మాట నాకు చెప్పాలా. నా బతుకే అది.

మీట నొక్కాను. లోపల చిన్నగా ఊపిరి తీసిన చప్పుడు, తెర వెలిగింది. మూలన నా మొహం. అచ్చియ్యమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకుని లేచి వెళ్ళిపోయింది. నేను పిలవలేదు. పిలిచి ఏం చెప్పను?

నమోదు 6

పడవాట నా వల్ల కావడం లేదు. మునిగిన ఊరి వీధుల్లోంచి పడవ నడపాలి. మేడలకి, కరెంటు స్తంభాలకి తగలకూడదు. మొదటి మలుపులోనే గుద్దేస్తున్నాను. నిజం ఊరు మునిగితే పడవ తిప్పుకుని బయటపడ్డదాన్ని, బొమ్మ ఊళ్ళో మునిగిపోతున్నాను. అచ్చియ్యమ్మ మళ్ళీ వచ్చి పక్కన కూర్చుని, "ఎడమకి, ఎడమకి, నీ ఎడమ సేయి ఏదే?" అని అరుస్తోంది. ఆవిడ నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో.

కంపెనీ నుంచి అనుమతి వచ్చింది. ఎన్నిసార్లు అడిగినా కదలనివాళ్ళు, సరిగ్గా గడువు ముందు రోజు మధ్యాహ్నానికి ఇచ్చారు. ఒక్క గంట. ఆట ఆగకూడదు. పేరు పెట్టి పిలవకూడదు. రమ్మనకూడదు, మీటల మాట ఎత్తకూడదు. ఎత్తితే అప్పటికప్పుడే తెంచేస్తారు. చూసేవాడు మాట్లాడలేడు, రాయలేడు. వాడి దగ్గర ఉండేది ఒకటే గుర్తు, చెయ్యి బొమ్మ. నొక్కితే నా తెర మీద చెయ్యి లేస్తుంది.

"రమ్మనకుండా ఏటి మాటాడతావే?" అంది అచ్చియ్యమ్మ.

"మొకం సూపిస్తాను. మిగతాది ఆడే సదువుకుంటాడు."

నమోదు 7

పొద్దున్నే జెండా ఎగిరింది. నల్లజెండా, పెద్ద ఉప్పుగాలి. పాడు గాలికి ఈరోజే దొరికింది.

వీధంతా మూసేసి ఇంటికొచ్చేసరికి మొదటి విసురు మొదలైంది. నా ఇల్లు బయటి అంచున ఉంది, దెబ్బంతా ముందు నాకే. తలుపు మూశాను, కిటికీ మూశాను. బియ్యం, మందులు, రేడియో, బట్టల పెట్టె. అంతా అయ్యాక ఆటపెట్టె వైపు చూశాను. ముందు, వెనక, అడుగున అన్ని కన్నాలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఎంత మూసినా పెద్ద గాలికి ఇంట్లో తెల్లటి పొడి కొంచెమైనా తేలుతుంది. అది లోపలికి పోతే? రాగి పచ్చబడిపోద్దన్నాడు కదా.

గుడ్డ కోసి, ముద్దలో ముంచి, ఒక్కో వైపు అంటించాను. అంచులు వేలితో నొక్కి, గోరుతో గీసి చూసుకున్నాను. పవర్ సప్లై వెనకాల జల్లెడ కూడా వదల్లేదు. నా జన్మలో ఇంత శ్రద్ధగా ఏదీ మూయలేదు. తీగలు వెళ్ళే చోట్ల కూడా చుట్టూ పూశాను.

కరెంటు ఉంది. గాలిమరలు తిరుగుతున్నాయి కాబట్టి ఈరోజు పోదు. స్నానం చేసి, తల దువ్వుకుని, వాడికి తెలిసిన పచ్చ చీర కట్టుకున్నాను. ఇంకాసేపట్లో మొదలు. ఊరికే కూర్చోలేను, అందుకే రాస్తున్నాను.

నమోదు 8

జరిగింది జరిగినట్టు రాస్తాను. తవుడు అడిగింది ఇందుకే కదా.

మొదలుపెట్టగానే తెర కింద పచ్చని అక్షరాలు వచ్చాయి, 'మీ ఇంటి మనిషి చూస్తున్నారు' అని. ఏం మాట్లాడాలో ఎన్ని రోజుల నుంచో అనుకున్నదంతా ఎగిరిపోయింది. "ఏటి, అందరూ తిన్నారా?" అన్నాను. అంత పిచ్చిమాట వచ్చింది నా నోట.

చెయ్యి లేచింది.

పడవ కదిలించాను. మొదటి మలుపులోనే మేడకి గుద్దాను. చెయ్యి లేచింది. స్తంభానికి గుద్దాను, మళ్ళీ చెయ్యి. వెధవ, నవ్వుతున్నాడు! నేను గుద్దినప్పుడల్లా నవ్వుతున్నాడు. ఇక కావాలనే గుద్దడం మొదలుపెట్టాను. వంతెనకి, గోపురానికి, ఏది దొరికితే దానికి. చేతులు వరసగా లేస్తూనే ఉన్నాయి. "ఏం నవ్వు? నీకైతే వచ్చా?" అని తిట్టాను. తిట్టకూడదని నియమం లేదు. ఏడుపు వస్తుంటే నవ్వాను, నవ్వుతుంటే ఏడుపొచ్చింది. కెమెరా మంచిదే తెచ్చాను కదా, అదంతా చూసే ఉంటాడు.

కాసేపటికి పడవ ఆగి ఆగి కదలడం మొదలైంది. ఉప్పుగాలికి లైను సరిగా లేదనుకున్నాను. గుగ్గిలం వాసన వచ్చింది. పొద్దుటి నుంచి వీధంతా మూసి వచ్చినదాన్ని, నా చేతులూ నా చీరా అదే వాసన. ఇరవై ఏళ్ళుగా నా ఒంటికి వేరే వాసన లేదు. అదొక వాసనని కూడా నాకు తోచలేదు. వేరే ఎవరున్నా ముక్కు ఎగబీల్చి వెనక్కి చూసేవారు.

"ఇంకొక్క ఈది తిరిగొద్దాం" అన్నాను. చెయ్యి లేచింది.

తెరలో నా మొహం వెనక తెల్లగా ఏదో లేచింది. తిరిగి చూశాను. పెట్టె వెనకాల మైనం కరిగి లోపలికి కారింది. పవర్ సప్లై దగ్గర పొగ, పొగలో మంట. "ఓలమ్మో, నిప్పు!" అని కేక పెట్టాను. అప్పుడే తెర ఆరిపోయింది.

తడి గోనె పడేస్తే మంట పోయింది. అరచెయ్యంత మంట. ఇంట్లో ఇంకేమీ కాలలేదు, నా చీర అంచు కూడా కాలలేదు.

తలుపు మైనం చీల్చుకుని ఆ గాలిలోనే తవుడి కొట్టుకి పరిగెత్తాను. కళ్ళల్లో ఉప్పు కొట్టి దారి కనపడలేదు. నా మాట పూర్తి కాకముందే తవుడు తన సొంత కంప్యూటర్ని దుప్పట్లో చుట్టి ఎత్తుకున్నాడు. ఇద్దరం ఇంటికి వచ్చి తగిలించేసరికి తెర మీద 'సమయం ముగిసింది' అని ఉంది. కంపెనీ లైనుకి ఫోన్ చేశాం. గడువు ముందు రోజు రెండో అనుమతి ఉండదన్నారు. బతికే ఉన్నానని ఒక్క మాట చెప్పమని బతిమాలాను. కబుర్లు మోయం అన్నారు.

తవుడు కాలిన పెట్టె విప్పాడు. కన్నాల మీద గుడ్డలు చూశాడు.

"మూసీసినావా అప్పా?"

"ఉప్పుగాలి కదరా."

ఒక గుడ్డ పీకి చేతిలో పట్టుకున్నాడు. "నాను సెప్పాల. మూయొద్దని, వేడి బయటికి పోవాలని ఒక్క ముక్క సెప్పాల. మా వైపు ఎవులూ మూయరు, నాకు తోచనేదు" అని తల పట్టుకుని కూలబడ్డాడు. వాణ్ణి తిట్టడానికి నోరు రాలేదు. నన్ను నేను తిట్టుకోవడానికీ రాలేదు. వీధిలో ఏ ఆడది అడిగినా నేనూ మూయమనే చెప్పేదాన్ని.

నమోదు 9

ఎల్లాజీ 'ఉంటాను' నొక్కాడు.

కొండ కింద కంపెనీ ఆఫీసుకి వెళ్ళాను. కుర్రగుమాస్తా మర్యాదస్తుడు, కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

"ఆడు నాను సచ్చిపోనాననుకున్నాడు బావూ. నిప్పని నా నోటితో నానే అరిసినాను. నన్ను సూడు, ఉన్నాను గదా. ఆడికి ఈ మాట సెప్పండి, మళ్ళీ నొక్కుతాడు."

"మీరు ఉన్నారని మాకు తెలుసమ్మా. మీ పేరు, వీధి అన్నీ మా దగ్గర ఉన్నాయి. కానీ ఎందుకు నొక్కారని మేం అడగం. ఏది నొక్కారన్నదే చూస్తాం. నొక్కిన గంటలోనే ఆయన్ని రెండో అడుగుకి పంపేశారు."

"అయితే అక్కడికే కబురెట్టండి."

"అక్కడికి ఏదీ వెళ్ళదమ్మా, బండలు తవ్వే సామాను తప్ప."

అరిచాను. బల్ల మీద చేత్తో బాదాను. ఆ కుర్రాడు మంచినీళ్ళు తెచ్చి పెట్టాడు. వాడి మీద కోపం తెచ్చుకోవడం కూడా కుదరలేదు. అదే నన్ను ఇంకా కాల్చేసింది.

నా ఎల్లాజీని నేనే పంపేశాను. అచ్చియ్యమ్మ మొగుడు ఎవరూ లేరనుకుని ఉండిపోయాడు. నా తమ్ముడు రావాలనుకున్నాడు. ఆ చేతులన్నీ రావాలనుకున్నవాడివే. ఇది ఎవరికి చెప్పుకోను?

నమోదు 10

ఈరోజు పొద్దున్న ఒక మనిషి వచ్చాడు. పేరు లోవరాజు. ఎల్లాజీతో పాటే గడువు తీరిన మనిషి, 'వస్తాను' నొక్కి పైకి వచ్చాడు. పైకి తెచ్చాక కొన్నాళ్ళు కంపెనీ ఆసుపత్రిలో ఉంచి నిన్ననే వదిలారట. మూడో మెట్టు వీధిలో ఎల్లాజీ ఇల్లు చూసి, ఒక దణ్ణం పెట్టి పోదామని వచ్చాడట.

నేను గుమ్మంలో మైనం గీకుతున్నాను. ఎవరింటికని అడిగాను. "ఎల్లాజీవోళ్ళ ఇల్లు ఇదేనా? ఆల్లప్ప కాలిపోయిన ఇల్లు" అన్నాడు.

"నానే ఆల్లప్పని" అన్నాను.

మనిషి నిలబడ్డవాడు నిలబడ్డట్టే గోడకి జారిపోయాడు. నా కాళ్ళ వైపు చూశాడు, నీడ పడుతోందా అని. అచ్చియ్యమ్మ నీళ్ళు తెచ్చి మొహం మీద చల్లింది. తేరుకున్నాక ఏడుపు అందుకున్నాడు. మగమనిషి అంత ఏడవడం నేను చూడలేదు.

జరిగింది చెప్పాడు. ఆ రోజు హాల్లో అందరూ ఎల్లాజీ చుట్టూ మూగారట. నేను పడవ గుద్దుతుంటే హాలంతా ఒకటే నవ్వట. "మా అప్పే! మా అప్పే!" అని వాడు అందరికీ చూపించుకున్నాడట. తెల్లారితే 'వస్తాను' నొక్కుతానని, వెళ్ళగానే నాకు ఆట నేర్పాలని అన్నాడట. తెర ఆరిపోయాక కూడా చెయ్యి బొమ్మ నొక్కుతూనే కూర్చున్నాడట. తెల్లారేదాకా ఆ మీట వదల్లేదట.

"ఏడవనేదప్పా. 'ఇంక పైకెల్లి ఎవులి మొకం సూడాల?' అన్నాడు. అంతే, ఎల్లి నొక్కీసినాడు."

"గంటలోనే దింపీసినారంట గదా?"

"దింపీలోగా పై అధికారి కాళ్ళు పట్టుకున్నాడు. అప్పకి కార్యం సేసి దిగుతానన్నాడు. కొడుకుల్లేరు, నాను సెయ్యకపోతే ఎవులు సేస్తారన్నాడు. ఆ గంటా ఇచ్చినారు. గుండు సేయించుకున్నాడు. ఆ పూట తనకొచ్చిన కూడు, వచ్చే వారానికి రావాల్సిన కూడు కూడా ముందే అడిగి తెచ్చి, మా అందరికీ వడ్డించినాడు. మా అప్ప పేరు సెప్పి తినండన్నాడు. నాను కూడా తిన్నానప్పా. నీ పెద్దకార్యం కూడు తిన్నాను."

అచ్చియ్యమ్మ నా భుజం పట్టుకుంది. నాకు ఏమీ కాలేదు, బాగానే కూర్చున్నాను. వాడు తన చేత్తో అంతమందికి ఎప్పుడూ వడ్డించి ఎరగడు. ఇంట్లో కంచం దగ్గర కూర్చోవడమే తప్ప వాడికి గరిట పట్టడం తెలియదు. ముందువాళ్ళకి ఎక్కువ పెట్టేసి, వెనకవాళ్ళకి లేకుండా చేసేరకం.

"ఎంతమందున్నారు నాయనా?" అని అడిగాను.

"నలపై మందిమి ఉంటాం."

"అందరికీ సరిపోయిందా?"

"సరిపోయిందప్పా" అన్నాడు.